షటిల్ ఆట: దేహమునకది పెట్టు పరీక్ష

2023వ సంవత్సరము ఏప్రిల్ 14వ తేదీన జపాను దేశమందలి సోకా పట్టణమున, ఒక వ్యాయామశాలలో, మన అమలాపురపు యువకుడు రంకిరెడ్డి సాత్విక్‌సాయిరాజు కొట్టిన షటిల్ కాక్, రాకెట్టును విడిచిన క్షణమున గంటకు 565 కిలోమీటర్ల వేగముతో పోయినట్లు యంత్రములు లెక్కకట్టినవి. అంతకు పూర్వము 2013లో మలేషియా క్రీడాకారుడు టాన్ బూన్ హియోంగ్ నెలకొల్పిన 493 కిలోమీటర్ల రికార్డు పదేండ్లపాటు చెక్కుచెదరక నిలిచియుండెను. గిన్నిస్ వారి గ్రంథమున కెక్కిన ఈ సంఖ్యను పత్రికలన్నియు ప్రకటించినవి. పందెపు మోటారు కార్లు సైతము అందుకొనలేని వేగమని పలువురు ఆశ్చర్యపడిరి. సంఖ్య అందరకును తెలిసినది. అట్టి దెబ్బ కొట్టుటకు ఒక మానవదేహము ఏమేమి చేయవలసియుండునో, ఒక్క దెబ్బ కాదు, గంటకు పైగా అదే పని చేయుటకు ఎట్టి సాధన కావలయునో విచారించినవారు మాత్రము తక్కువ. ఆ సంగతియే ఈ ప్రసంగమునకు విషయము.

మన గోదావరి జిల్లాలలో బాడ్మింటనన్న మాటకు చిరకాలము నుండి రెండర్థములు కలవు. ఒకటి పసుపుపచ్చని ఉన్నిబంతితో అయిదుగురేసి ఆడు బంతి బాడ్మింటను. ఇది హైస్కూలు ఆవరణలలోను, ఊరి చెరువుగట్టు ప్రక్కలను పెరిగిన ఆట. రెండవది ఈకల షటిలు. ఉన్నిబంతి కొంత గాలిని ఓర్చుకొనును. షటిలు ఓర్చుకొనదు. కొబ్బరితోటల మీదుగా వచ్చు పిల్లగాలి చాలును, అది దారి తప్పుటకు. అందుచేత షటిలు ఆటకు పైకప్పును, నాలుగు గోడలును కావలసివచ్చినవి. ఈ గోడల సంగతి ముందు ముందు మరల ప్రస్తావనకు వచ్చును, ఏలయనగా ఆటగాని దేహమును వేపుకొని తినుచున్న వానిలో అవియు నొకటి.

షటిల్ కాక్ స్వభావమును తెలిసికొననిదే ఆ ఆటలోని శ్రమ బోధపడదు. పదునారు ఈకలను బెండు తలకు గ్రుచ్చి చేసిన ఈ వస్తువు సుమారు అయిదు గ్రాముల బరువుండును. ఇంత తేలికయై, ఇంత విప్పారిన తోక గలదగుటచే గాలి దానిని గట్టిగా పట్టి వెనుకకు లాగును. కావున రాకెట్టును విడిచిన క్షణమున ఎంత వేగమున్నను, నెట్టు దాటి ఎదుటివానిని చేరుసరికి అందులో అధికభాగము హరించిపోవును. క్రికెట్టు బంతి వేగము చివరివరకు పెద్దగా తగ్గదు. షటిలు మాత్రము పిడుగువలె బయలుదేరి పావురమువలె వాలును. ఇందుచేత ఆటగానికి రెండు విధములైన కష్టములు కలుగుచున్నవి. కొట్టువాడు గాలిని జయించుటకై ఉన్న బలమంతయు వినియోగింపవలెను. ఎదుర్కొనువాడు ఒక్క క్షణము పిడుగును, మరుక్షణము ఈకను ఎదుర్కొనవలెను. ఏది వచ్చునో ముందుగా తెలియదు.

కాలమును లెక్కించి చూడుడు. డబుల్స్ కోర్టు పొడవు 13.40 మీటర్లు, వెడల్పు 6.10 మీటర్లు. బలమైన స్మాష్ ఎదుటివాని రాకెట్టును చేరుటకు పట్టునది సెకనులో అయిదవ వంతునకు అటునిటు. కంటికి కనబడిన సంగతి మెదడునకు చేరి, మెదడు ఆజ్ఞ చేతికందుటకు సామాన్యునకు పట్టునదియు దాదాపు అంతే. అనగా షటిలును చూచి, పిదప నిశ్చయించుకొని, పిదప చేయి కదల్చువానికి అది అందదు. నేర్పరియైనవాడు షటిలును గాక కొట్టువాని భుజమును, నడుమును, రాకెట్టు ముఖము తిరుగు తీరును చూచి, దెబ్బ పడక మునుపే అది వచ్చు దిక్కును ఊహించును. వేలకొలది గంటల అభ్యాసము లేక ఈ ఊహ అలవడదు. ఆటలో కాళ్ళు చేతులతోపాటు కన్నును మనస్సును అలసిపోవుటకు కారణమిదియే.

ఇక శ్రమ యొక్క రూపమును పరిశీలింతము. పరుగుపందెగాడు ఒకే తీరున పరుగెత్తును. షటిలు ఆటలో అట్లు కాదు. అయిదారు సెకనులో, పది సెకనులో విశ్వప్రయత్నము చేయవలెను. అటుపిమ్మట ఇరువది సెకనులు చెమట తుడుచుకొనవచ్చును. మరల ప్రయత్నము. ఈ విధముగా గంటసేపు. ఇట్టి ఆటలు లోకములో మరికొన్ని కలవు. వానిలో చెప్పుకోదగినది మంచుగడ్డపై ఆడు హాకీ. శీతలదేశములలో ప్రసిద్ధమైన ఈ ఆటను మన దేశములో లదాఖు ప్రాంతమువారు, సముద్రమట్టమునకు సుమారు 3,500 మీటర్ల ఎత్తున, ప్రాణవాయువు పలుచబడిన చోట, ఆడుచున్నారు. ఇరువది నిమిషముల చొప్పున మూడు భాగములు గల ఆ ఆటలో, గోలుకీపరు తప్ప తక్కిన ఆటగాడెవ్వడును ఎడతెరపి లేకుండ ఆడడు. సుమారు ముప్పాతిక నిమిషము శక్తికొలది ఆడి, కంచె దాటి బల్లపై కూర్చుండును. అతని స్థానమున వేరొకడు దిగును. మార్పులకు పరిమితి లేదు. దేహము ఆ వేగమును అంతకు మించి భరింపజాలదని ఆ దేశములవారు అనుభవముచే గ్రహించి అట్టి నియమము నేర్పరచుకొనిరి. షటిలు ఆటగానికి ఆ బల్ల లేదు. 2006లో ప్రవేశించిన 21 పాయింట్ల పద్ధతిలో ఒకరు 11 పాయింట్లు చేరినపుడు ఒక్క నిమిషము, గేమునకు గేమునకు నడుమ రెండు నిమిషములు, ఇంతియే విరామము. ప్రారంభించిన యిద్దరే ముగింపవలెను.

మన కండరములకు మూడు విధములైన ఇంధనవసతులు కలవు. మొదటిది, కండరములోనే సిద్ధముగానున్న శక్తి. ఇది జేబులోని చిల్లరవంటిది. వెంటనే ఖర్చు చేయవచ్చును గాని పది సెకనులలో అయిపోవును. రెండవది, కండరములో నిలువయున్న చక్కెరను ప్రాణవాయువు సాయము లేకుండ త్వరితముగా విరిచి పుచ్చుకొను శక్తి. ఇది ఒకటి రెండు నిమిషములు నడచును గాని, కాళ్ళు బరువెక్కి మంటపుట్టును. మూడవది, ఊపిరితిత్తులును గుండెయు అందించు ప్రాణవాయువుతో చక్కెరను, క్రొవ్వును నింపాదిగా దహించుట. ఇది గంటలకొలది సాగును. షటిలు ఆటలో స్మాష్ కొట్టునది మొదటి వసతి. అయితే ఖాళీయైన ఆ జేబును మరల నింపునది మూడవ వసతి. సగము నిండుటకు సుమారు అర నిమిషము, దాదాపు పూర్తిగా నిండుటకు మూడు నిమిషములు పట్టును. ఇరువది సెకనులు మాత్రమే వ్యవధి యున్నపుడు ఎవని గుండె, ఎవని ఊపిరి ఎక్కువ సమర్థములో వానికే ఎక్కువ నిండును. పాయింటునకు పాయింటునకు నడుమ ఇద్దరును ఊరక నిలిచియున్నట్లే కనబడుదురు. గెలుపోటములు నిర్ణయింపబడుచున్నది తరచుగా ఆ నిలుచుండుటలోనే.

ఇందులకు నిదర్శనముగా 2022 మే 15వ తేదీన బాంకాకులో జరిగిన థామస్ కప్పు ఫైనలును చెప్పవచ్చును. ఇండోనేషియాతో జరిగిన ఆ పోరాటములో సాత్విక్‌సాయిరాజు, చిరాగ్ శెట్టి జంట మొదటి గేమును 18-21తో కోల్పోయి, రెండవదానిని 23-21తో, మూడవదానిని 21-19తో గెలిచినది. ఎదుటి జంట గెలుపునకు ఒక్క పాయింటు దూరమున నిలిచిన సందర్భములను దాటుకొని వచ్చిన విజయమది. భారతదేశము 3-0తో ఆ కప్పును తొలిసారి గెలుచుకొనెను. గంటకు మించి సాగిన అట్టి ఆటలో చివరి పది నిమిషముల స్మాష్‌లు మొదటి పది నిమిషముల స్మాష్‌లవలె ఉండవలెనన్నచో, చేతిబలమొక్కటే చాలదు. డబుల్స్ ఆటగానికి పరుగెందుకనువారు మన క్లబ్బులలో ఇప్పటికిని ఉన్నారు. వారికిదియే సమాధానము.

స్మాష్ అనునది చేతితో కొట్టునది కాదనిన కొందరు నమ్మరు. గోదావరి పాయలలో విసురువల వేయు జాలరిని చూచినవారు సులభముగా నమ్ముదురు. అతడు వలను చేతులతో విసరినట్లే యుండును గాని, బలము పడవ చెక్కపై అదిమిన పాదములనుండి పుట్టును. అది పిక్కల గుండ, తొడల గుండ తుంటికెక్కి, నడుము తిరుగుటతో రెండింతలై, భుజముల మీదుగా వ్రేళ్ళను చేరి, వల గొడుగువలె విప్పుకొనును. స్మాష్ కూడ నిట్టిదే. కుడిచేతివాడు కుడికాలిపై బరువు మోపి ఎగురును. గాలిలో తుంటి ముందుగా తిరుగును, దాని వెనుక ఛాతి, దాని వెనుక భుజము. ఒక్కొక్క భాగము తిరిగి ఆగునపుడు దాని వేగము తరువాతి భాగమునకు సంక్రమించును. కట్టకడపట దండచేయి లోనికి మెలితిరుగును, ముంజేయి తలుపు గెడవలె తిరుగును. మణికట్టు విదిలించుటలోనే బలమంతయు ఉన్నదని పూర్వము ఉపాధ్యాయులు చెప్పెడివారు. నిదానించిన ఛాయాచిత్రములు తీసి పరిశీలించినవారు అట్లు కాదనియు, దండచేయి, ముంజేయి మెలితిరుగుటలోనే రాకెట్టు వేగమునకు పెద్దభాగము కలదనియు తేల్చిరి.

బలము పుట్టించుట ఒక ఎత్తు, దానిని ఆపుట మరియొక ఎత్తు. అంత వేగముతో విసరబడిన చేయి ఊడిపోకుండ వెనుకకు లాగి నిలుపవలసినవి భుజముకీలు చుట్టునున్న నాలుగు చిన్న కండరములును, రెక్క యెముకను పట్టుకొనియున్న కండరములును. చూచువారికి కనబడు ఛాతి, దండ కండరములను పెంచుకొని, కనబడని ఈ వెనుకటి కండరములను ఉపేక్షించువానికి భుజపునొప్పి తప్పదు. పెంచుకొన్నవానికి సైతము ఎల్లప్పుడు తప్పునని చెప్పలేము. భుజపు గాయము కారణముగా 2024 ఏప్రిల్‌లో ఆసియా చాంపియన్‌షిప్ పోటీలనుండి సాత్విక్ జంట తప్పుకొనవలసివచ్చెను. ఆ బిరుదును అంతకు ముందటి సంవత్సరము దుబాయిలో గెలుచుకొన్నవారు వారే. 1965లో దినేష్ ఖన్నా సింగిల్స్ గెలిచిన తరువాత ఆ పోటీలలో భారతదేశమునకు వచ్చిన తొలి స్వర్ణపతకమది. అట్టి బిరుదును నిలుపుకొనుటకు బరిలోనికి దిగకుండుట ఎంత బాధాకరమో ఊహింపవచ్చును. అయినను ఆనాడు వారు చేసినది వివేకమైన పని. నొప్పి మాత్రలు మ్రింగి ఆడువానిని వీరుడని పొగడు అలవాటు మనలో కలదు. అది మంచిది కాదు.

చేతిని గూర్చి ఇంత చెప్పితిమి గాని, ఈ ఆటలో ముందుగా అరుగునవి కాళ్ళు. నెట్టు దగ్గర వాలుచున్న షటిలును అందుకొనుటకు ఆటగాడు రాకెట్టు పట్టిన ప్రక్క కాలిని ముందునకు చాచి, మోకాలు వంచి, ఒక్క పెద్ద అంగ వేయును. ఆ మడమ నేలను తాకినపుడు కాలిపై పడు భారము శరీరపు బరువునకు రెండు రెట్లను మించును. అరవై కిలోల కుర్రవాడు ప్రతి అంగకు రెండు బియ్యపు బస్తాలను మోకాటిపై దింపుకొనుచున్నాడన్నమాట. ఒక్క ఆటలో ఇట్టి అంగలు నూటికి తక్కువ కావు. తొడ ముందటి కండరము సాగుచునే బిగిసి ఆ భారమును ఆపవలెను. ఇట్లు సాగుచు బిగియు పనియే మరునాటి ఒళ్ళునొప్పులకు మూలము. లాక్టికామ్లము పేరుకొనుటచే నొప్పులు వచ్చునని చాలమంది చెప్పుదురు. ఆ పదార్థము ఆట ముగిసిన గంట రెండు గంటలలోనే రక్తమునుండి తొలగిపోవును. తెల్లవారి మెట్లెక్కనీయని నొప్పి కండరపు నూలుపోగులలో కలిగిన సూక్ష్మమైన చీలికల వలన వచ్చినది. అవి రెండు మూడు దినములలో మానును, మానునపుడు మునుపటికంటె గట్టిపడును. ఆ రెండు మూడు దినములు ఈయనివానికి గట్టిపడుట యుండదు, చీలిక యొక్కటే మిగులును.

ఇచట నేలను గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. అంతర్జాతీయపు పోటీలు చెక్కనేలపై పరచిన మెత్తని చాపలమీద జరుగును. చెక్క కొంత వంగి దెబ్బను తాను పుచ్చుకొనును. మన పట్టణములలో ధాన్యపు గిడ్డంగులను, కల్యాణమండపములను పోలిన షెడ్లలో కాంక్రీటుపై గీతలు గీసి, దానిపై పలుచని చాపను పరచి, కోర్టని పేరు పెట్టిన చోట్లు అనేకము కలవు. కాంక్రీటు దేనినీ పుచ్చుకొనదు. మోకాలే పుచ్చుకొనవలెను. రంగురంగుల దీపములకు వెచ్చించు ధనములో కొంత క్రింద చెక్క వేయుటకు వెచ్చించిన క్లబ్బు, ఆ యూరి పిల్లలకు గొప్ప మేలు చేసినదగును. అది సాధ్యము కానిచోట, కనీసము ఈ ఆటకని చేసిన బూట్లనైన వాడవలెను. పరుగుబూట్ల మడమ ఎత్తుగా, మెత్తగా నుండును. ప్రక్కకు అడుగు వేసినపుడు చీలమండ మడతపడుటకు అది చాలును.

గోడల సంగతి ముందు చెప్పుదుమంటిమి. షటిలు గాలికి కొట్టుకొనిపోవునని కిటికీలు మూసివేయుదురు. కోనసీమలో వైశాఖ జ్యేష్ఠమాసముల సాయంకాలము మూసిన షెడ్డులోపల ఎట్లుండునో శ్రోతలకు వర్ణింపనక్కరలేదు. ఆడుచున్న దేహము పుట్టించు శక్తిలో మూడువంతుల వరకు వేడిగానే మారును. ఆ వేడిని బయటికి పంపు ప్రధానమైన ఉపాయము చెమట. చెమట కారుటచే దేహము చల్లబడదు, చెమట ఆవిరియగుటచే చల్లబడును. ఒక లీటరు చెమట ఆవిరియైనచో సుమారు 580 కిలోకేలరీల వేడిని తీసికొనిపోవును. రాయలసీమ ఎండలో చెమట పట్టినది పట్టినట్లే ఆరిపోవును. మూడువైపుల కాలువలును, నాలుగవవైపు సముద్రమును గల మన డెల్టాలో గాలి ఇదివరకే నీటిఆవిరితో నిండియుండుటచే చెమట ఆవిరి కాక, బొట్లుబొట్లుగా నేలపై పడును. నేలపై పడిన చెమట దేహమును చల్లబరుపదు, నీటిని, ఉప్పును మాత్రము హరించును. గుండె ఒకవైపు కండరములకు, ఒకవైపు చర్మమునకు రక్తము పంపలేక వేగమును పెంచును. అందుచేతనే చలికాలములో రెండు గంటలు అవలీలగా ఆడినవాడు మే నెలలో ముప్పాతిక గంటకే సొమ్మసిల్లుచున్నాడు. అతని సత్తువ తగ్గలేదు, గాలి మారినది. పది పదునాలుగు దినములు కొద్దికొద్దిగా ఆడినచో దేహము వేడిమికి అలవడును. సెలవులివ్వగనే మొదటి దినముననే మూడు గంటలు ఆడించుట అపాయకరము.

ఎంత నీరు పోయినదో తెలిసికొనుటకు ఇంటనున్న తూకపుయంత్రమే చాలును. ఆటకు ముందును వెనుకను, చెమట తుడుచుకొని, తూగవలెను. అరవై కిలోల మనిషి 1.2 కిలోలు తగ్గినచో నూటికి రెండు వంతులు పోయినట్లు. అచట నుండియే చూపు, ఊహ, కాలిచురుకు మందగించును. ఏమి త్రాగవలెనన్న ప్రశ్నకు మనవారు తడుముకొనక కొబ్బరిబొండము అందురు. కొబ్బరినీరు మంచిదే. దానిలో పొటాసియము మెండు, సోడియము తక్కువ. చెమటలో పోవునది ప్రధానముగా సోడియము, అనగా ఉప్పు. కావున దీర్ఘముగా ఆడినవానికి ఉప్పు కలిపిన పలుచని మజ్జిగ కొబ్బరినీటికి ఏమాత్రము తీసిపోదు, ఒక విధముగా మిన్నయనియు చెప్పవచ్చును. రంగునీళ్ళ సీసాలకు ధనము వెచ్చింపలేని తలిదండ్రులు అందుకు చింతింప పనిలేదు. ఆహారమునందును ఇదే మాట. కండరములలో చక్కెరను నిలువచేయుటకు మన అన్నమునకు మించిన సాధనము వెదకనక్కరలేదు. ఆటకు మూడు గంటల ముందు తినవలెను, అంతే. మన భోజనములో కొరతపడునది మాంసకృత్తులు. పప్పు, గ్రుడ్లు, చేపలు, పెరుగు పెరుగుచున్న పిల్లవానికి ప్రతిపూట ఏదో యొకటి ఉండవలెను.

ఇక పిల్లల సంగతి. ఇది తలిదండ్రులు నిదానముగా వినవలసిన భాగము. సాత్విక్‌సాయిరాజు 2000 ఆగస్టులో జన్మించిరి. తండ్రి వ్యాయామోపాధ్యాయుడగుటచే ఆట ఇంటిలోనే అబ్బినది. 2014లో హైదరాబాదులోని పుల్లెల గోపీచంద్ అకాడమీలో చేరిరి. 2016లో మలేషియా శిక్షకుడు టాన్ కిమ్ హెర్ వారిని ముంబయి యువకుడైన చిరాగ్ శెట్టితో జతచేసిరి. 2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో స్వర్ణపతకమును, ఆ నెలలోనే ప్రపంచ ప్రథమస్థానమును ఆ జంటకు లభించినవి. ఈ కథ విన్న పిమ్మట, 2022 నుండి కోనసీమ జిల్లాకు ముఖ్యపట్టణమైన అమలాపురములోనే కాదు, రాజమహేంద్రవరము, కాకినాడ, భీమవరములలోను ఎనిమిదేండ్ల పిల్లలను తెల్లవారుజామున అయిదింటికి లేపి కోర్టునకు తీసికొనిపోవు తలిదండ్రులు కనబడుచున్నారు. వారి ఆశ దోషము కాదు. ఎనిమిదేండ్ల పిల్లవాడు చిన్న పరిమాణములోనున్న పెద్దవాడు కాడన్న సంగతిని మరువరాదు, అంతే.

పిల్లల యెముకల కొనలలో ఇంకను గట్టిపడని మెత్తని భాగముండును. ఎముక పొడవు పెరుగునది అచటనుండియే. అది పూర్తిగా ముదురుటకు ఆడపిల్లలకు పదునాలుగు పదునారేండ్లు, మగపిల్లలకు పదునారు పదునెనిమిదేండ్లు వచ్చును. ఎముక త్వరగా పెరుగుచు, కండరము దానివెంట అంత త్వరగా సాగలేని పండ్రెండు పదునాలుగేండ్ల ప్రాయములో, మోకాటిచిప్ప క్రిందనున్న బొడిపెకడ నొప్పియు వాపును కనబడుట సర్వసాధారణము. పిల్లవాడు సాకులు చెప్పుచున్నాడని కసరి ఆడించుట తగదు. ఎగురుటలు, అంగలు కొన్నివారములు తగ్గించినచో చాలవరకు అదియే సర్దుకొనును. ఆ ప్రాయము వరకు ఒక్క షటిలే గాక ఈత, పరుగు, చెడుగుడు, బంతియాట, అన్నియు ఆడనిచ్చుట మేలు. ఒకే కీలు, ఒకే దిక్కున, వేలకొలది పర్యాయములు తిరుగుటచే వచ్చు అరుగుదల తగ్గును. పైగా చెడుగుడులో నేర్చిన మోసపుటడుగు షటిలు కోర్టులో వ్యర్థము కాదు. నిద్ర మాటయు చెప్పవలెను. రాత్రి పదకొండింటివరకు చదువు, ఉదయము అయిదింటికి ఆట అన్న నియమములో దేహము మరమ్మతు చేసికొనుటకు వ్యవధి యెక్కడ?

గాయము ఎంతటివానినైన విడువదనుటకు గోపీచందే ఉదాహరణము. 1994లో ఆడుచుండగా వారి మోకాటిలోని ముఖ్యమైన బంధనము తెగెను. శస్త్రచికిత్సలు జరిగినవి. ఏడేండ్ల పిదప, 2001 మార్చిలో వారు ఆల్ ఇంగ్లండు బిరుదును గెలుచుకొనిరి. 1980లో ప్రకాశ్ పదుకొనే గెలిచిన తరువాత ఆ గౌరవము పొందిన రెండవ భారతీయుడు ఆయనయే. ఈ కథను పట్టుదలకు తార్కాణముగా చెప్పుట మనకు అలవాటు. దానిలో ఓపికతో కాలును మరల బలపరచుకొన్న సంవత్సరములు కలవనుట ఎవ్వరును చెప్పరు. మోకాలు తెగినవానికి ఆరు మాసములలోపుననే ఆడుమని తొందరపెట్టరాదు. తొమ్మిది మాసములైనను ఎక్కువ కాదు.

కడపట, ఉదయపు వేళ క్లబ్బులకు పోవు పెద్దలకు కొన్ని మాటలు. కళాశాలలో ఆడినవారు, ఇరువదియేండ్లు కార్యాలయములలోను, దుకాణములలోను కూర్చుండి, నలుబదియైదవ యేట మరల రాకెట్టు పట్టుచున్నారు. మనస్సునకు పాత వేగము జ్ఞాపకముండును, మడమ వెనుక త్రాడువంటి నరమునకు ఉండదు. ముప్పది ఏబది ఏండ్ల నడిమివారిలో అది తటాలున తెగుట ఈ ఆటలో తరచు చూచు ప్రమాదము. తెగినపుడు వెనుకనుండి ఎవరో తన్నినట్లు తోచును. తిరిగి చూచిన ఎవ్వరు నుండరు. ఆటకు ముందు పది నిమిషములు నడచి, మెల్లగా పరుగెత్తి, మునివ్రేళ్ళపై లేచి దిగుట అభ్యసించినవారికి ఈ భయము తగ్గును. డబుల్స్‌లో నెట్టు దగ్గర నిలుచువారు తమ జతగాడు వెనుక ఏమి చేయుచున్నాడోయని వెనుదిరిగి చూడరాదు. షటిలు తల కంటిగుంటలో ఇముడునంత పరిమాణముగలది. ఎముక అడ్డుపడి కంటిని కాపాడుట కవకాశముండదు. కన్ను పోయినవారు కలరు.

అన్నిటికంటె ముఖ్యమైనది గుండె. ఆటలో గుండెవేగము తన గరిష్ఠమునకు నూటికి తొంబది వంతుల వరకు పోవుట సాధారణము. చక్కెర వ్యాధి, రక్తపుపోటు, పొగత్రాగు అలవాటు గలవారు, ఇంటిలో పిన్న వయస్సుననే గుండెజబ్బు వచ్చినవారున్నవారు వైద్యునిచే పరీక్ష చేయించుకొనక ఈ వేగమునకు దిగరాదు. మొదటి రెండు మాసములు నడకతో, నెమ్మది ఆటతో గడపవలెను. ఆడుచుండగా రొమ్ములో బిగువు, దవడకు గాని ఎడమచేతికి గాని ప్రాకు నొప్పి, కారణము లేని ఆయాసము, చల్లని చెమట కనబడినచో అజీర్ణమని సరిపుచ్చుకొని సోడా త్రాగుచు గేము ముగించువారున్నారు. రాకెట్టును అచటనే పెట్టి, తాను బండి నడపుకొనక, ప్రక్కవారిని వెంటబెట్టుకొని వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఆ గేములో మిగిలిన పాయింట్లను జతగాడు మరియొకనితో మరునాడు ఆడుకొనవచ్చును.